ఎవరి తిట్టు వారిది

నన్ను ఎవరైనా మర్యాదస్థుడంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మధ్య మా రిటైరైనవాళ్ల సంఘంలో నాకు శాలువా కప్పి, "ఇన్నేళ్ల సర్వీసులో వీరి నోట ఒక్క పొల్లుమాట విన్నవారు లేరు" అని ఒకాయన మెచ్చుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి బయటికి వచ్చేశాను. ముసలాయనకి చాదస్తం ముదిరిందని అనుకుని ఉంటారు. అనుకోనివ్వండి.

ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు మీరు. రేపో మాపో మిమ్మల్ని ఏదో ఒక ఊరికి పంపుతారు, అక్కడివాళ్లని బాగుచేయమంటారు. వెళ్లేముందు ఈ ముసలివాడి మాట కాస్త వినండి. ఇందులో ఎవరి పేర్లూ చెప్పను. ఊరి పేరూ, శాఖ పేరూ కూడా చెప్పను. పేర్లకు బదులు తిట్లు చెబుతాను. ఎందుకో మీకే అర్థమవుతుంది.

మాది బుచ్చిరెడ్డిపాలెం పక్కన పల్లె. మడి చెక్క మీద బతికిన కుటుంబం. మా నాయన ఎద్దుల్ని తిట్టకుండా మడి దున్నినట్టు నాకు గుర్తులేదు. మా జేజి, అంటే మా నాయన తల్లి, నాకు అన్నం పెట్టేటప్పుడు "నీ దుంపతెగ, ఇంత మెతుకులు తింటే ఎట్టా బతుకుతావురా" అనేది. ఆ దుంపతెగ లేకపోతే నాకు అన్నం సహించేది కాదు. నెల్లూరికి పోయి నాలుగక్షరాలు చదివాక నాకు సిగ్గు పుట్టింది. సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు జేజిని సరిదిద్దేవాణ్ణి. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "చదువుకున్నోడివి, నీకు తగినట్టు మాట్లాడాలంటే నాకు నోరు రాదు నాయనా" అని ఊరుకుంది. అదే మొదటి దెబ్బ. నాకు తగల్లేదు, తోలు మందం.

యాభైల చివర్లో నాకు ఉద్యోగం వచ్చింది. సముద్రం ఒడ్డున ఒక బెస్తపాలెంలో చేపలు పట్టేవాళ్లకి సహకార సంఘం పెట్టారు. దానికి నన్ను కార్యదర్శిగా వేశారు. బకింగ్‌హాం కాలువ దాటి, ఇసకలో రెండు మైళ్లు నడిస్తే పాలెం. ఒక రేకుల షెడ్డు, ఒక బల్ల, ఒక రిజిస్టరు, నేను. నూలు వలల కాలం పోయి నైలాన్ దారం వస్తున్న రోజులవి. ఆ దారం సంఘం ద్వారానే ఇచ్చేవాళ్లు. కాబట్టి ఇరవై నాలుగేళ్ల కుర్రవాడినైన నా మాటకి ఆ పాలెంలో ఎక్కడలేని బలం వచ్చింది. బలం చేతిలో ఉన్న మూర్ఖుడంత ప్రమాదం ఇంకొకటి లేదు. ఇది వేరేవాళ్ల గురించి అంటున్న మాట కాదు.

దుంగలు తాళ్లతో కట్టిన తెప్పలు తెల్లవారకముందే వెళ్లేవి. పొద్దెక్కాక ఒక్కొక్కటే తిరిగి వచ్చేవి. ఆ వేళకి ఒడ్డున ఒక అవ్వ నిలబడి ఉండేది. అరవై దాటిన మనిషి. మొగుణ్ణీ, ఇద్దరు కొడుకుల్నీ ఆ నీళ్లే తీసుకున్నాయి. ఎండిన సావడాయి చేపలా సన్నగా, పొడుగ్గా ఉండేది, గొంతు మాత్రం శంఖం. అలల అవతల తెప్ప కనపడగానే మొదలుపెట్టేది.

"ఒరే ఉప్పుచేప మొహమోడా! ఏడ చచ్చినావురా, నీ పాడె గట్ట!"

నీళ్ల మీంచి జవాబు వచ్చేది. "నీ పాడె మోసేదానికే వస్తండా, ముసలిదానా!"

"ఒరే సోమారి నాయాలా! నీ జిమ్మడిపోను!"

"నీ నోట్లో మన్నుబడ! ఈడే ఉండా!"

ఇట్లా ఒక్కొక్కడికీ ఒక్కొక్క తిట్టు. నత్తి ఉన్నవాడికి నత్తి మీద, బట్టతలవాడికి బట్టతల మీద, పెళ్లాం మాట వినేవాడికి దాని మీద. తెలుగు తిట్టు అయిపోతే అరవం. తడ అవతల తమిళదేశం నుంచి పిల్లనిచ్చి పుచ్చుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి "పొరంబోకు"లకీ, "కస్మాలా"లకీ కొదవ లేదు. నెల్లూరు నుంచి ఎండుచేపల బేరానికి వచ్చే సాయిబు దగ్గర నేర్చుకున్న "గధే", "నికమ్మా" కూడా అవ్వ నోట్లో ఉండేవి. నేను ఇక్కడ రాయలేనివి ఇంకా ఎన్నో ఉన్నాయి. రాయలేకపోవడం నా గొప్పతనం కాదు, నా రోగం.

చేరిన మొదటి నెలలో ఉత్సాహం పట్టలేక నేనూ ఒక రోజు తెప్ప ఎక్కాను. కడుపులో ఉన్నదంతా కక్కాను. తిరిగి వస్తుంటే ఒడ్డు నుంచి అవ్వ వరసగా తిట్టుకుంటూ వచ్చి, చివరికి అరిచింది.

"ఒరే కాగితాల కాకీ! ఏడ ఉండావురా, నీ దుంపతెగ!"

తెప్ప మీద ఉన్న ముగ్గురూ నా వైపు చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. ప్రభుత్వ ఉద్యోగిని, నన్నా! పలకలేదు. అవ్వ మళ్లీ అరిచింది. మళ్లీ. చీర దోపుకుని మోకాళ్ల లోతు నీళ్లలోకి, తర్వాత నడుం లోతుకి వచ్చేసింది.

"పలకండి సార్" అన్నాడు పక్కనున్నవాడు నా తొడ గిల్లి. "పలక్కపోతే ఆ ముసలిది ఈడికే ఈదుకుంటా వస్తాది."

"ఉన్నానమ్మా!" అన్నాను.

"అట్టా గాదు సార్. తిట్టండి. మీ గొంతు ఆమెకి తెలియాల."

సిగ్గుతో చస్తూ "నీ మొహం!" అని అరిచాను. ఒడ్డంతా నవ్వింది. అవ్వ తృప్తిగా తల ఊపి వెనక్కి తిరిగింది. ఆ రోజు నేను అవమానం తప్ప ఇంకేమీ చూడలేదు. కళ్లెదుట ఒక మనిషి నా కోసం నడుం లోతు నీళ్లలోకి దిగింది, నేను చూడలేదు.

తర్వాత ఒకసారి అవ్వని అడిగాను, "పేరు పెట్టి పిలవొచ్చు కదా" అని.

"నీళ్ల మీద ఉండే మనిషిని పేరెట్టి పిలవగూడదు నాయనా. గంగమ్మ ఇంటాది. పేరు తెలిస్తే ఇంక వదలదు."

"పోనీ ఎంతమంది వెళ్లారో లెక్క పెట్టుకుంటే?"

అవ్వ చెవులు మూసుకుంది. "లెక్కా! మనుషుల్ని లెక్కబెడతారా ఎవురన్నా? తగ్గిపోరూ?"

నేను నవ్వుకున్నాను. మూఢనమ్మకం అని నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా.

మా పై అధికారి మద్రాసులో చదువుకున్నవాడు. జీపు దిగితే చాలు "బ్లడీ", "ఇడియట్", "స్టుపిడ్ ఫెలోస్" అనకుండా ఒక్క వాక్యం ముగించేవాడు కాదు. ప్యూన్ని తండ్రి వయసు వాడైనా "రాస్కెల్" అనే పిలిచేవాడు. అవి ఇంగ్లీషు కాబట్టి బూతుల కిందికి రావు. ఒక రోజు ఆయన భార్యతో సహా సముద్రం చూడ్డానికి వచ్చాడు. సరిగ్గా తెప్పలు వచ్చే వేళ. అవ్వ మొదలుపెట్టింది. ఆ అమ్మగారు చెవులు మూసుకుని జీపు ఎక్కేసింది. ఆయన నా మీద విరుచుకుపడ్డాడు.

"ఇదేనా మీరు తెచ్చిన అభివృద్ధి? ఈ బ్లడీ బూతులు రేపటి నుంచి వినపడకూడదు. పద్ధతిగా హాజరు తీసుకోండి. సముద్రంలోకి పోయి వచ్చినవాడికే దారం. తిట్టిన నోరు వినపడితే పాలెం మొత్తానికి దారం ఆపేయండి."

ఆయన చెప్పాడు, నేను చేశాను అంటే మీరు నమ్ముతారు. నమ్మొద్దు. ఆయన చెప్పిన దానికి నేను రెండింతలు చేశాను. నన్ను కాగితాల కాకి అన్న నోటి మీద నాకు కసి ఉంది. నెల్లూరు నుంచి రంగు తెప్పించి, చెక్క పలక మీద నా చేత్తో నేనే రాశాను. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది." షెడ్డు ముందు గుంజకి కొట్టాను. అధికారి వచ్చి చూసి భుజం తట్టాడు.

పాలెం పెద్ద నా దగ్గరకి వచ్చి తల గోక్కున్నాడు. "అది ఎప్పటినుంచో ఉండే అలవాటు సార్. మా తాతల కాలం నుంచి."

"తాతల కాలం నుంచి మశూచి కూడా ఉంది. దాన్నీ ఉంచుకుంటారా?" అన్నాను. ఎంత గొప్పగా అన్నానో అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సాయిబు ఒక్కడే నా ముఖం మీద చెప్పాడు. "ఉప్పులేని చేప, తిట్టులేని బేరం, రెండూ రెండ్రోజులు నిలవవు సార్." నేను వినలేదు.

ఆ మర్నాటి నుంచి నేను బల్ల ఒడ్డుకి ఈడ్పించుకుని, రిజిస్టరు తెరిచి, పెద్ద గొంతుతో పేర్లు పిలిచేవాణ్ణి. నలభై పైచిలుకు పేర్లు. ఆ పేర్లు పాలెంలో ఎవరూ వాడరు, ఎవరి పేరు ఏదో పక్కింటివాడికే తెలియదు. సముద్రం వైపు తిరిగి అసలు పేర్లు అరుస్తుంటే వాళ్లు గిలగిల్లాడిపోయేవాళ్లు. పేరు గాలిలో వేలాడకూడదట. పిలిచిన పేరుకి జవాబు రాకపోతే గంగమ్మ "నేనున్నా" అంటుందట. అందుకని నేను పేరు సగం పలకగానే ఎవరో ఒకరు గబుక్కున "ఆజర్ సార్" అనేసేవాళ్లు. నేను టిక్కు పెట్టేవాణ్ణి. తల ఎత్తేవాణ్ణి కాదు. ఎంత క్రమశిక్షణ వచ్చిందో చూడండని నివేదికలో రాశాను.

అవ్వ వలల నీడన కూర్చుని, పైట నోటికి అడ్డం పెట్టుకుని, నీళ్ల వైపు చూస్తూ ఉండేది. ఆ పైట కింద పెదవులు కదిలేవి. నాకు అది కూడా నచ్చేది కాదు.

ఇట్లా ఏడాది గడిచింది. కార్తీకం వచ్చింది. ఆ రోజు తెప్పలు వెళ్లేటప్పుడు సముద్రం మామూలుగానే ఉంది. పొద్దెక్కేసరికి ఈశాన్యం నుంచి గాలి లేచింది. తెప్పలన్నీ ఒక్కసారిగా, చెల్లాచెదురుగా ఒడ్డు పట్టాయి. కొన్ని పాలెం ముందు, కొన్ని సరుగుడు తోపు దగ్గర, కొన్ని దక్షిణాన ఏరు సముద్రంలో కలిసే చోట. అందరూ దుంగలు పైకి లాక్కోవడంలో, వలలు తడవకుండా చూసుకోవడంలో ఉన్నారు. నా రిజిస్టరు మీద చినుకులు పడుతున్నాయి. నాకు తొందరగా ఉంది.

అవ్వ లేచి నా బల్ల దగ్గరకి వచ్చింది.

"సార్, ఈ ఒక్క రోజుకి నన్ను పిలవనీండి. ఒక్కసారి అరుస్తా, అంతే."

నేను తల ఎత్తకుండానే వేలెత్తి పలకని చూపించాను. "నీ పని నేను చేస్తున్నా కదా అవ్వా. హాజరు ఎందుకు తీసుకుంటున్నాననుకున్నావు?"

"అది యేరే, ఇది యేరే సార్."

"తిట్టావంటే పాలెం మొత్తానికి దారం రాదు. నీ ఇష్టం."

ఆమె పాలెం వైపు చూసింది. నోటికి పైట అడ్డం పెట్టుకుని వెనక్కి పోయింది. నేను పేర్లు పిలవడం మొదలుపెట్టాను. అన్నిటికీ "ఆజర్" వచ్చింది. అన్నిటికీ టిక్కు పడింది.

ఒంటరిగా చిన్న తెప్ప మీద గాలం వేసే మనిషి ఒకడుండేవాడు. కాళ్లు కాస్త వంకర. అవ్వ అతన్ని "పీతకాళ్లోడా" అని పిలిచేది. దానికి అతని జవాబు ఎప్పుడూ ఒకటే. "వస్తండానే, నీ పిండాకూడు తినేదానికి!" ఆ మాట ఎంత దూరాన్నుంచి వచ్చినా ఒడ్డున ఆడవాళ్లంతా నవ్వేవాళ్లు. అతనికి పెళ్లయి రెండేళ్లు. హాజరు అయిపోయాక అతని భార్య నెత్తిన గంపతో నా దగ్గర ఆగింది. కాలువ ఒడ్డున సంతకి పోతోంది.

"సామీ, మా ఆయన వచ్చినాడా? నాకు కనపళ్లా. ఏటి దగ్గిర పట్టినాడేమో."

నేను వేలు పెట్టి వరస చూశాను. "వచ్చాడమ్మా. టిక్కు ఉంది."

ఆ పిల్ల ముఖం విప్పారింది. నా మాట నమ్మి సంతకి వెళ్లిపోయింది. ప్రభుత్వం వారి పుస్తకం చెప్పింది కదా మరి.

మధ్యాహ్నం మూడు గంటలు దాటాక ఆమె తిరిగి వచ్చింది. ఇంట్లో మనిషి లేడు. ఏటి దగ్గరకి పరుగెత్తింది. తెప్ప లేదు. తోపు దగ్గర లేదు. ఏడుస్తూ వచ్చి నా బల్ల ముందు నిలబడింది. నేను, నా బుద్ధి మన్నైపోను, మళ్లీ రిజిస్టరు తెరిచి చూశాను. టిక్కు ఎక్కడికీ పోలేదు.

"ఎవరు పలికారు ఈ పేరుకి?" అని అరిచాను.

ఆమె అన్న ముందుకొచ్చాడు. ముఖంలో నెత్తురు లేదు.

"నేనే సార్. బావ ఏటి దగ్గిర దిగుంటాడులే అనుకున్నా. పేరు ఏలాడగూడదని పలికినా. దారం కూడా పోతాదని... ఆజరే గదా సార్, ఎవురు పలికితే ఏముందిలే అనుకున్నా."

"ఇంకొకడి పేరుకి నువ్వెలా పలుకుతావు?"

అతను నా ముఖంలోకి చూశాడు. "పేరుకి పలికినా సార్. తిట్టయితే నేనెట్టా పలుకుతా? వాడి తిట్టు వాడిది గదా. పీతకాళ్లోడా అంటే నేను పలికితే ఒడ్డంతా నన్ను చూసి నగదా?"

నాకు అప్పుడు తెలిసింది. ఏడాదిగా నేను ఆపింది బూతులు కాదు. లెక్క పెట్టకూడదు, పేరు పిలవకూడదు అనే ఆ మనుషులు, ఒక్క మనిషి కూడా తప్పిపోకుండా చూసుకోవడానికి ఎన్ని తరాల కిందటో కుదుర్చుకున్న పద్ధతి అది. ఒకడి తిట్టుకి ఇంకొకడు పలకడు. ఒకడి గొంతు ఇంకొకడికి రాదు. జవాబు రాకపోతే అవ్వ నీళ్లలోకి దిగుతుంది, ఆమె దిగితే తెప్పలు దిగుతాయి. అది లెక్క అని వాళ్లూ ఎప్పుడూ అనుకోలేదు, అందుకే నాకు విడమరిచి చెప్పలేకపోయారు. "అది యేరే, ఇది యేరే" అని మాత్రం ఒక ముసలామె చెప్పింది. నేను పలక చూపించాను.

అవ్వ అప్పటికే నీళ్లలో ఉంది. నన్ను అడగలేదు.

"ఒరే పీతకాళ్లోడా! ఏడ ఉండావురా, నీ పాడె గట్ట! పలకరా! నా పిండాకూడు తింటానంటివే, రారా!"

గాలి ఎదురు కొడుతోంది. ఆమె గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. నాలుగు తెప్పలు దించారు. పొద్దున పదింటికి దించి ఉంటే సముద్రం పోనిచ్చేది. సాయంత్రానికి పోనివ్వలేదు. రెండు తెప్పల్ని అలలు వెనక్కి విసిరేశాయి. మిగతా రెండూ చీకటి పడేలోపు ఊరికే తిరిగి వచ్చాయి. అవి వస్తుంటే అవ్వ ఒక్కొక్కణ్ణీ తిట్టింది, ఒక్కొక్కడూ పలికాడు. ఎవరూ నవ్వలేదు.

నాలుగో రోజు దక్షిణాన తడ వైపు నుంచి కబురొచ్చింది. తాడు తెగిన రెండు దుంగలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. మనిషి దొరకలేదు.

అధికారి విచారణకి వచ్చాడు. షెడ్డులో కూర్చుని, టీ తాగుతూ రిజిస్టరు తిరగేశాడు. "టిక్కు ఉందిగా. మరి మీరెందుకు బ్లడీ ఏడుపు మొహం పెట్టారు? వాడు వచ్చాడు. వచ్చి మళ్లీ ఎక్కడికో పోయాడు. మద్రాసుకే పోయాడేమో. దుంగలు వాటంతట అవే తేలిపోవచ్చు. రాయండి."

ఆయన చెబుతుంటే నేను రాశాను. "హాజరు పట్టీ ప్రకారము సదరు వ్యక్తి ఆనాడు క్షేమముగా ఒడ్డు చేరినట్లు స్పష్టమగుచున్నది. తదనంతర పరిణామములతో సంఘమునకు సంబంధము లేదు." కింద సంతకం పెట్టాను. చెయ్యి వణికిందని చెబితే మీరు నన్ను కొంచెం క్షమిస్తారు. వణకలేదు. నా దస్తూరి ఎప్పటిలాగే ముత్యాల్లా ఉంది.

జీపు వెళ్లిపోయాక అవ్వ షెడ్డులోకి వచ్చింది. ఆ పిల్ల ఆమె వెనక నిలబడింది. ఊళ్లో అప్పుడే కొన్ని నోళ్లు లేచాయి. సర్కారు పుస్తకంలో వచ్చినట్టుందంట, మరి ఇంటికి రాలేదంటే ఎక్కడో ఎవత్తో ఉండి ఉంటుంది అని. తాళి ఉంచుకోవాలో తీయాలో ఆ పిల్లకి తెలియడం లేదు. మొగుణ్ణి తీసుకున్నది సముద్రం. వాడి చావుని కూడా లేకుండా చేసింది నేను.

"ఏం రాసినారో సదవండి" అంది అవ్వ.

చదివాను. ఆ క్షేమములూ, తదనంతరములూ అన్నీ చదివాను. ఆమె చివరిదాకా విని, మెల్లగా అంది.

"చానా బాగుండాది సార్ గారూ. ఒక్క చెడ్డ మాట కూడా లేదు."

కాగితాల కాకి కాదు, నాయనా కాదు. సార్ గారు. నేను ఆ రాత్రి ఎట్లా ఉన్నానో మీకెందుకు. తెల్లారి లేచి ఇంకొక కాగితం రాశాను. ఆనాడు నేను ముఖాలు చూడకుండా టిక్కులు పెట్టాననీ, ఆ పేరుకి వేరొకరు పలికారనీ, అతను ఒడ్డు చేరలేదనీ, ఒడ్డున పిలిచే అలవాటుని ఆపింది నేనేననీ. నకలు ఒకటి పాలెం పెద్ద చేతిలో పెట్టి, అందరి ముందూ చదివాను. ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. ఏడవడానికి ఆమెకి నా సంతకం కావాల్సి వచ్చింది, ఎంత దౌర్భాగ్యం! ఆ కాగితం చదివిన మూడో రోజున ఆ పిల్ల ఒడ్డున దినం చేసుకుంది. పిండాకూడు నీళ్లలో వదిలింది అవ్వే. ఆమె పెదవులు కదిలాయి. ఏ మాట అందో అందరికీ తెలుసు.

పలకని పీకి షెడ్డు వెనక పారేశాను. ఎవరో ఆడవాళ్లు తీసుకుపోయి దాని మీద చేపలు కోసుకున్నారు. మంచి గట్టి చెక్క.

అధికారికి నా మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఇంగ్లీషులో ఉన్న తిట్లన్నీ తిట్టాడు. నాకు మెమో ఇచ్చి, సంగం దగ్గర చేపపిల్లల చెరువులకి బదిలీ చేశాడు. ఆయన మాత్రం పైకి పైకి పోయి, మంచి పేరుతో రిటైరయ్యాడు. ఆయనకీ ఎవరో శాలువా కప్పే ఉంటారు.

బదిలీ వచ్చేదాకా ఇంకో రెండు నెలలు పాలెంలోనే ఉన్నాను. ఒడ్డున తిట్లు మళ్లీ మొదలయ్యాయి. నేను రోజూ వెళ్లి దూరంగా నిలబడేవాణ్ణి. ఒకటి రెండుసార్లు కావాలనే తెప్ప ఎక్కి వెళ్లాను. తిరిగి వస్తుంటే నా వంతు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఏం అరవాలో కూడా మనసులో సిద్ధం చేసుకున్నాను. అవ్వ నా ముందువాణ్ణి తిట్టింది, నా తర్వాతవాణ్ణి తిట్టింది. నేను ఇసక మీద కాలు పెట్టాక, "వచ్చినారా సార్ గారూ, జాగర్తగా దిగండి" అంది. ఆ మర్యాద ఏ చెంపదెబ్బకీ తీసిపోదు.

వెళ్లిపోయే రోజు పెట్టె పట్టుకుని ఒడ్డుకి వెళ్లాను. పొద్దు బాగా ఎక్కింది, తెప్పలు వస్తున్నాయి.

"అవ్వా, పోతున్నాను. నన్నొక్క తిట్టు తిట్టవే" అన్నాను.

ఆమె నన్ను చూసింది. కోపం లేదు ఆ ముఖంలో. ఉంటే బాగుండేది.

"మీకెందుకు సార్ గారూ" అంది. "మీరు ఒడ్డునే ఉండేవోళ్లు గదా."

అని నీళ్ల వైపు తిరిగింది. "ఒరే ఉప్పుచేప మొహమోడా! ఏడ చచ్చినావురా!"

అలల అవతల నుంచి జవాబు వచ్చింది. నేను పెట్టె నెత్తిన పెట్టుకుని కాలువ వైపు నడిచాను.